అట్టలమ్మ బల్ల కింద వైద్యం

ఆ ఉదయం అట్టలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీ అధికారి వచ్చేలోగా చిరిగిన పుస్తకాల పని ముగించాలి, పది కాగానే పిల్లికూనను పశువుల డాక్టరుకు చూపించాలి. గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు కట్టే ఆమెకు ఆ పేరే స్థిరపడిపోయింది. తల్లిలేని రెండు వారాల కూనను చెప్పుల డబ్బాలో తెచ్చి బల్ల కింద దాచుకుంది.

కూన రెండు రోజులుగా దొడ్డికి పోలేదు. ముక్కుతోంది, ఏడుస్తోంది, పాలు ముట్టడం లేదు. ఇది దక్కుతుందా అని ఆమె ప్రాణం విలవిల్లాడింది. పది దాకా ఆగలేక ఫోను చేసి, గ్రంథాలయం కదా, గుసగుసలాడింది.

"రెండు రోజులైంది డాక్టరుగారూ. కడుపు రాయిలా ఉంది. ఎంత ముక్కినా లాభంలేదు."

"పాలపొడి ఎలా కలుపుతున్నారు?"

"బలం రావాలని చిక్కగా... మా జిగురులాగా."

"అదే కొంప ముంచింది! డబ్బా మీద రాసినన్ని నీళ్లు పోయండి. గోరువెచ్చటి తడిదూదితో వెనకవైపు మెల్లగా రుద్దండి, తల్లి నాకినట్టు. ఆముదం గీముదం పట్టకండి. తర్వాత ఎలాగూ తీసుకురండి, చూస్తాను."

అటెండరు బాబాయి చెవిన పడింది అట్టలమ్మ మాటలే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో ఆమె బల్ల మీదికి అరటిపళ్లు, వేడినీళ్ల ఫ్లాస్కు, ఆముదం సీసా చేరాయి.

"సిగ్గుపడకమ్మా, ఎవరికైనా వచ్చేదే," అన్నాడు బాబాయి.

అట్టలమ్మకు వివరించే తీరిక లేదు. నీళ్లు గోరువెచ్చగా చేసుకుని, దూదితో బల్ల కింద దూరింది. సరిగ్గా అప్పుడే అధికారి ఫైలు పట్టుకుని వచ్చాడు. మనిషి కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది. "ఇంకొంచెం ముక్కు, మా నాన్నవి కదూ!"

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఆవిడకి రెండు రోజులుగా మోషన్ కాలేదు సార్," అన్నాడు బాబాయి జాలిగా.

అధికారి గొంతుకు అట్టలమ్మ ఉలిక్కిపడి లేచి, చేతిలోని కూనను దొరికిన చోట పెట్టింది. దొరికింది అధికారి అప్పుడే బల్ల మీద పెట్టిన ఫైలు. కూన వణికింది, ముక్కింది, రెండు రోజుల బాకీ అక్కడే తీర్చేసింది.

"పోయింది! పోయింది!" అట్టలమ్మ కళ్లనీళ్లతో నవ్వింది. నిశ్శబ్దం పాటించాల్సిన హాలంతా చప్పట్లు కొట్టింది. పల్చటి పాలు పట్టగానే కూన ఆవురావురుమంటూ తాగింది.

అధికారి మొహం కందగడ్డయింది. అట్టలమ్మను తప్ప అందర్నీ బయటికి పంపి తలుపు వేశాడు. ఉద్యోగం ఊడినా ఫర్వాలేదు, కూన బతికింది చాలనుకుంది అట్టలమ్మ.

"దీనికి ఎన్ని రోజులైందన్నారు?"

"రెండు సార్."

అధికారి గొంతు బాగా తగ్గించాడు. "నాకు నాలుగు."