నూకరాజు గొంతుకు ఉద్యోగం

చినరేవులో ‘ఉప్పుగాలి’ అనే రాక్ బృందంలో పాడే కొల్లి నూకరాజు గొంతుకు పురపాలక సంఘంలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. నూకరాజుకు రాలేదు. దీనికి ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అప్పటికే ప్రభుత్వం మనుషుల్ని మొత్తంగా తీసుకోవడం మానేసి, భాగాలుగా తీసుకుంటోంది.

మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటే అందులో పనిచేసేది ఒక్క భాగమేననీ, మిగతాదంతా టీలు తాగుతూ, కుర్చీ విరిగిందని గొణుగుతూ, బావమరిది పెళ్లికి సెలవడుగుతూ గడిపేస్తుందనీ ఒక కమిటీ ఏనాడో తేల్చింది. అందుకని ముద్రలు వేసే చోటికి బొటనవేళ్లనీ, చెక్‌పోస్టులకు కళ్లనీ, పెద్దల సభలకు మెడల్నీ విడివిడిగా తీసుకోసాగారు. మిగిలిన మనిషిని నిబంధనల్లో ‘శేషం’ అన్నారు. శేషం ఇంటి దగ్గర ఉండవచ్చు, బజారుకు వెళ్లవచ్చు, ఓటు వేయవచ్చు. దాన్ని పోషించే బాధ్యత ఉద్యోగం చేసే భాగానిది.

నూకరాజు గొంతును పారిశుద్ధ్య విభాగం చెత్తబండికి ఎంపిక చేసింది. తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా ఇవ్వమని పొద్దున్నే వీధి వీధికీ తిరిగి చెప్పాలి. సముద్రం హోరులో కూడా వినిపించే గొంతు కావాలని అడిగారు. అలాంటి గొంతు ఊరు మొత్తానికి అతనిదొక్కటే.

అదే వారంలో ఉప్పుగాలి బృందానికి మద్రాసు నుంచి కబురొచ్చింది. వాళ్ల పాటలు రికార్డు చేస్తామనీ, ఆపైన దేశమంతా తిప్పుతామనీ ఒక కంపెనీ అంది. రైలెక్కాల్సిన రోజూ, గొంతు ఉద్యోగంలో చేరాల్సిన రోజూ ఒక్కటే అయ్యాయి. గిటారు వాయించే ప్రభుదాసు నూకరాజును పడవల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. చిన్నప్పుడు చర్చిలో పాడించడానికి నూకరాజును వెతికి తెచ్చిందీ, గిటారంటే ఏమిటో చూపించిందీ ఈ ప్రభుదాసే.

“ఒక్కసారి ఎల్లొద్దాం రా. ఆళ్లు ఒద్దంటే అప్పుడు సూద్దుం” అన్నాడు.

ఇంటి దగ్గర మేనమామ అప్పలస్వామి ఇంకోలా చెప్పాడు. “పాటనేది ఇయ్యాల ఉంటాది, రేపు ఉండదు. చెత్త అలక్కాదు అల్లుడూ. చెత్త లేని రోజు ఉంటాదేటి?”

నూకరాజు మేనమామ మాటే విన్నాడు. నిజం చెప్పాలంటే చినరేవు రాక్ గాయకులకు నిర్ణయాలు తీసుకోవడం ఎప్పుడూ చేతకాలేదు. ‘సీమకొంగలు’ అనే బృందం, ఎవరో సంఖ్యాశాస్త్రి చెప్పాడని పేరులో అక్షరాలు పెంచుకుంటూ పోయింది. చివరికి ఆ పేరు పలకలేక జనం వాళ్లని పిలవడమే మానేశారు. ‘పిడుగు’ బృందం తమ జీవితంలోకెల్లా పెద్ద కచేరీని రాహుకాలం దాటాక మొదలుపెట్టింది. అప్పటికి కుర్చీలవాడు కుర్చీలు సర్దుకుంటున్నాడు. బేసు గిటారు జోజిబాబు గిటారు అమ్మి రొయ్యల చెరువు తీసుకుంటే, రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. వీళ్లందరి మధ్య బుర్ర పెట్టి ఆలోచించినవాడు నూకరాజొక్కడే అని ఊరంతా మెచ్చుకుంది. తప్పుడు నిర్ణయాల్లో ఊరంతా మెచ్చుకునేదే అన్నిటికంటే ప్రమాదం. కానీ ఆ సంగతి మెచ్చుకునేటప్పుడు ఎవరికీ తెలియదు.

గొంతును అప్పగించే పని తేలిగ్గానే అయింది. ఉప్పునీళ్లతో పుక్కిలించమన్నారు, నోరు తెరవమన్నారు, గట్టిగా ‘ఆ’ అనమన్నారు. ఆ ‘ఆ’ బయటికి వచ్చింది కానీ తిరిగి లోపలికి పోలేదు. దాన్ని బండికి కట్టిన భోంగా మైకులోకి పంపించి, శేషాన్ని ఇంటికెళ్లమన్నారు. నూకరాజు వెళ్తూ వెళ్తూ ప్యూనుకు థాంక్స్ చెప్పబోయి, ఊరుకున్నాడు.

ఉద్యోగం వచ్చాక సంబంధాలు వచ్చాయి. గౌరీశ్వరి అనే అమ్మాయి తండ్రి, పిల్లవాడేం చేస్తాడని అడగలేదు. గొంతు పర్మనెంటే కదా అని మాత్రం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. గౌరీశ్వరి పెళ్లికి ఒప్పుకోవడానికి కారణం వేరు. కాలేజీలో చదివేటప్పుడు ఆమె బీచిలో ఉప్పుగాలి కచేరీకి వెళ్లింది. అతను పాడుతుంటే ఇంటికి వెళ్లాలన్న సంగతే మరిచిపోయి, చీకటి పడ్డాక తిట్లు తింది. ఆ గొంతుతో కాపురం చేయాలనుకుంది. కాపురానికి వచ్చాక ఇంట్లో ఆ గొంతు లేదు. పొద్దున్నే బండి వచ్చినప్పుడు వీధి చివర వినిపించేది. అప్పుడు ఆమె రెండు బకెట్లు పట్టుకుని అందరికంటే ముందు వెళ్లి, అందరికంటే చివర తిరిగి వచ్చేది. నూకరాజు అరుగు మీద కూర్చుని ఆమె కోసం చూస్తుండేవాడు. భార్య తనను ఎంత ప్రేమిస్తుందో అతనికి ఆ కాసేపు బాగా కనిపించేది. అది చూసి సంతోషించాలో ఏడవాలో అతనికి తెలిసేది కాదు.

ప్రభుదాసు మద్రాసు వెళ్లి, వేరే గాయకుడితో ప్రయత్నించి, అచ్చిరాక తిరిగొచ్చాడు. కంపెనీవాళ్లు ఇంకా దయ ఉన్నవాళ్లే. ఆ పాత గొంతుతో ఒక్క పాట ఇచ్చినా చాలన్నారట. నూకరాజును వెంటబెట్టుకుని ప్రభుదాసు పారిశుద్ధ్య విభాగానికి వెళ్లాడు. అక్కడి ఇన్‌స్పెక్టరు దత్తాత్రేయులు మంచివాడు. ఇద్దరికీ టీ తెప్పించాడు.

“గొంతుకు క్యాజువల్ లీవు ఉంది. నాకే అభ్యంతరమూ లేదు. కానీ ఉద్యోగి తనే అడగాలి” అన్నాడు.

గొంతు షెడ్డులో, కడిగి ఆరబెట్టిన బండి మీద ఉంది. నూకరాజును చూసి పలకరించింది.

“బాగున్నావా? సిక్కిపోయినట్టున్నావు.”

ప్రభుదాసు విషయం చెప్పాడు. మద్రాసు, ఒక్క పాట, ఒక్క రోజు. గొంతు అంతా విన్నది.

“ఆ పాటలో పైకి ఎల్తాది కదా, అక్కడ నాకిప్పుడు బెదురు ప్రబూ. ఇక్కడైతే ఒకటే ఎత్తు. ఎవులూ సప్పట్లు కొట్టరు, ఎవులూ తిట్టరు. బండి ఎల్తే నాను ఎల్తాను, బండి ఆగితే ఆగుతాను. నాకు అలవాటైపోయింది.”

“మరి ఈడి సంగతి?” అన్నాడు ప్రభుదాసు, నూకరాజును చూపిస్తూ.

“ఈడికి నెలనెలా పంపుతున్నాను కదా” అంది గొంతు.

నూకరాజు దగ్గరికి వెళ్లి భోంగా మీద చెయ్యి వేశాడు. ఇనుము చల్లగా ఉంది. లోపల గొంతు ఒకసారి సవరించుకుంది, ఏదో పాడబోతున్నట్టు. పాడలేదు. మర్నాడు చేపల బజారు వీధి ఉందనీ, త్వరగా పడుకోవాలనీ చెప్పింది. బయటికి వచ్చాక ప్రభుదాసు గోడకు ఆనుకుని ఏడ్చాడు. నూకరాజు కూడా ఏడ్చాడు కానీ శబ్దం లేనందువల్ల అది దారినపోయేవాళ్లకు నవ్వినట్టుగా కనిపించింది.

తర్వాత ఏళ్లు మామూలుగా గడిచాయి. గొంతుకు ఇంక్రిమెంట్లు వచ్చాయి. ఆస్తి పన్ను, దోమల మందు, కుళాయి రాని రోజులు కూడా చెప్పే బాధ్యత అప్పగించారు. నూకరాజుకు ఒక కూతురు పుట్టింది. నాయనమ్మ పేరు కలిసేలా ఎర్నమ్మ అని పెట్టారు. ఆ పిల్ల నాన్న మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. పాకే వయసులో చెత్తబండి వస్తే గుమ్మం దాకా పాక్కుంటూ వెళ్లి ‘నాన్న’ అనేది. ఎవరూ దిద్దలేదు, తప్పేముంది గనక.

ప్రభుదాసు ఎర్నమ్మకు గిటారు నేర్పాడు. పాట నేర్పాల్సిన పని లేకపోయింది. పదిహేడో ఏటికి ఆమె నోరు తెరిస్తే పడవలవాళ్లు వల లాగడం ఆపి వినేవాళ్లు. తండ్రి ఎక్కడ ఆపేవాడో ఆమె అక్కణ్నించి ఇంకా పైకి వెళ్లేది. పక్కింటి సూరమ్మ కొడుకు డ్రమ్ములు వాయించడానికి చేరాడు. ఎర్నమ్మకు పద్దెనిమిది నిండాక హైదరాబాదులో పెద్ద వేదిక మీద పాడటానికి పిలుపు వచ్చింది. ఆ వార్త తెచ్చిన ప్రభుదాసు జుట్టు అప్పటికి పూర్తిగా నెరిసింది. నూకరాజు అతన్ని కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు.

అంతలో గొంతు చనిపోయింది. ఏళ్ల తరబడి మింగిన దుమ్ముకు ముందే బొంగురుపోయింది. వానాకాలం జ్వరం తోడై, ఒక ఉదయం చేపల బజారు వీధిలో ‘పొడి చెత్త’ అనబోయి ‘పొడి’ దగ్గర ఆగిపోయింది. బండి ఇంకాస్త దూరం వెళ్లింది కానీ భోంగాలో ఎవరూ లేరు. ఆఫీసులో సంతాపసభ పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. నూకరాజు ఆపైన కూడా పాటించాడు. గౌరీశ్వరి బొట్టు తీయాలా వద్దా అని పెద్దవాళ్లు కాసేపు వాదించుకుని, శేషం బతికే ఉంది కనక అక్కర్లేదని తేల్చారు. ఆమె మాత్రం పొద్దున్నే లేచి బకెట్లు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. వీధి నిశ్శబ్దంగా ఉండేది.

సర్వీసులో ఉండగా పోయిన గొంతు కనక కారుణ్య నియామకం వర్తిస్తుంది. కుటుంబంలో ఎవరిదైనా అదే భాగానికి అదే ఉద్యోగం ఇస్తారు. దీన్ని ఎవరూ అడగనక్కర్లేదు, దయ కాబట్టి దానంతటదే వస్తుంది. గౌరీశ్వరి గొంతు సన్నం, వీధికి ఆనదు. ఎర్నమ్మను తీసుకుని రమ్మన్నారు. హైదరాబాదు రైలు ఆ సాయంత్రమే. ప్రభుదాసు గిటారు భుజాన వేసుకుని వాళ్లతోనే ఆఫీసుకు వచ్చాడు, అక్కణ్నించి నేరుగా స్టేషనుకు వెళ్లిపోవచ్చని.

దత్తాత్రేయులు అప్పటికి పెద్ద అధికారి అయ్యాడు. ఇప్పటికీ మంచివాడే. అందరినీ కూర్చోబెట్టి నిబంధన చెప్పాడు. భాగం ఎవరిదైనా అంగీకారం కుటుంబ యజమానిది. అభ్యంతరం ఉంటే యజమాని అధికారి ఎదుట నోటితో చెప్పాలి. చెప్పకపోతే లేనట్టే.

నూకరాజు లేచి నిలబడ్డాడు. అతను తలను అడ్డంగా ఊపాడు. రెండు చేతులూ జోడించి మళ్లీ ఊపాడు.

“అది మెడ పని, నూకరాజుగారూ. ఆ విభాగం వేరు. ఇక్కడ చెల్లదు” అన్నాడు దత్తాత్రేయులు, నిజంగానే బాధపడుతూ.

“ఆడి బదులు నాను సెప్తున్నాను సార్. ఒద్దు” అన్నాడు ప్రభుదాసు.

“మీరు కుటుంబంలో లేరు.”

గౌరీశ్వరి తలొంచుకుని కూర్చుంది. ఆ బండిలో మళ్లీ ఎవరో ఒకరు ఉంటే బాగుండునని ఆమెకు లోలోపల ఉంది. ఆ కోరికకు తనను తాను తిట్టుకుంటోంది కూడా. నూకరాజు నోరు తెరిచాడు. మెడ మీద నరాలు లేచాయి, కళ్లు ఎర్రబడ్డాయి. గదిలో అందరూ ఎదురుచూశారు. దత్తాత్రేయులు తొందరపెట్టలేదు, మంచినీళ్ల గ్లాసు కూడా అతని ముందుకు జరిపాడు. నూకరాజు నీళ్లు తాగి మళ్లీ నోరు తెరిచాడు. బయట కాకి అరిచింది. ఇన్నేళ్లలో అతనికి ఒకే ఒక్క మాట కావలసివచ్చింది, అది కూడా రెండు అక్షరాల మాట. దాన్ని అతను ఎప్పుడో ఉద్యోగానికి పంపేశాడు.

“యజమానికి అభ్యంతరం లేదు” అన్నాడు దత్తాత్రేయులు.

అప్పుడు ఎర్నమ్మ లేచింది. “నాకొద్దు సార్” అంది. కాస్త ఆగి, ఇంకా గట్టిగా, “నాకొద్దు. నాను పాడుకోవాలి” అంది.

ఆ మాట గదంతా నిండింది. చివరి బల్ల దగ్గర పెన్షను చూసే ఆయన తలెత్తాడు. వరండాలో ఉన్న ప్యూను లోపలికి తొంగి చూశాడు. షెడ్డు దగ్గర బండి కడుగుతున్న డ్రైవరు కూడా చెయ్యి ఆపి ఇటు తిరిగాడు. దత్తాత్రేయులు కిటికీలోంచి అతనివైపు చూస్తే, వినిపించిందన్నట్టు అతను చెయ్యెత్తాడు.

“షెడ్డు దాకా స్పష్టంగా ఉందమ్మా. పరీక్ష పాసయ్యావు” అన్నాడు దత్తాత్రేయులు, ఆప్యాయంగా. “ఉప్పునీళ్లు తెప్పిస్తాను.”

ప్రభుదాసు ఒక్కడే స్టేషనుకు వెళ్లి, రైలు వెళ్లిపోయాక తిరిగొచ్చాడు.

మర్నాటి నుంచి బండి మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఊళ్లో చెత్త వేరు చేయడం బాగా మెరుగుపడిందని పేపర్లో వేశారు. గౌరీశ్వరి బకెట్లు పట్టుకుని వెళ్లింది, ఈసారి ఇంకా ఆలస్యంగా వచ్చింది. తండ్రీ కూతుళ్లు అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎర్నమ్మ తండ్రి భుజం మీద తల వాల్చి తన గొంతు వింటోంది. అది ఇంకా కొత్త. ‘వేరువేరుగా’ అనేటప్పుడు చివర కొంచెం పైకి వెళ్తోంది. నాలుగు రోజులైతే సర్దుకుంటుందని డ్రైవరు అన్నాడు.

పక్కింటి సూరమ్మ చెత్త ఇచ్చేసి వాళ్ల అరుగు దగ్గర ఆగింది.

“అదురుట్టమంటే మీదే నూకరాజూ. తండ్రి ఎనక కూతురు” అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. “మా వోడు ఆ డమ్ములు కొట్టుకుంటా తిరుగుతన్నాడు. ఆడి సేతులు మంచి జోరు మీదుంటాయి. ఏ ఆపీసులోనైనా ముద్దర్లెయ్యడానికి పనికొస్తాయేమో, ఆ దత్తాత్రేయులుగారితో నువ్వు ఓసారి సెప్పరాదా?”

నూకరాజు కాసేపు ఆలోచించి, చూస్తానన్నట్టు తల ఊపాడు.