పీచు గవరయ్య

సోమవారం ఉదయం జిల్లా కార్యాలయం కడుపుగా మారిపోయింది, అందులో పనిచేసేవాళ్లంతా పిండిపదార్థాలయ్యారు. ఉత్తర్వు శుక్రవారమే వచ్చింది కనుక ఎవరూ కంగారుపడలేదు.

ఎవరు ఏ రకమో తేల్చడానికి గేటు దగ్గర నుదుట అయోడిన్ బొట్టు పెట్టారు. గుమాస్తాలకు బొట్టు నల్లబడింది. అంటే గంజి రకం. బల్ల బల్లకీ కొంచెం కొంచెం విరిగి, సాయంత్రానికి చక్కెరై రక్తంలో, అంటే పై అంతస్తులో కలవాలి. అధికారిగారి బావమరిదికి బొట్టే పెట్టలేదు. ఆయన పుట్టు చక్కెర, నేరుగా పైకి వెళ్లిపోయాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు కదా.

ఏళ్ల తరబడి ఔట్‌సోర్సింగ్ అటెండరుగా ఉన్న గవరయ్య నుదుట రంగు మారలేదు. పీచు అని తేల్చారు. పొద్దున ముందు గేటులోంచి వచ్చి, ప్రతి బల్లనూ కదిలించి, సాయంత్రం వెనక గేటులోంచి ఉన్నవాడు ఉన్నట్టే బయటపడాలి. పర్మినెంటు, పింఛను మాత్రం రక్తంలో కలిసినవాళ్లకే. వెర్రివాడు, గవరయ్య ఆ ఆశ వదులుకోలేదు.

ఇంతలో అతనికి జ్వరమొచ్చింది. అతను రాకపోయేసరికి కార్యాలయం బిగుసుకుపోయింది. అర్జీలు తెచ్చినవాళ్లు వరండాలో ఇరుక్కుపోయారు, అధికారిగారు పొట్ట పట్టుకుని కూర్చున్నారు. బావమరిది మాత్రం రోజుకు నాలుగుసార్లు రక్తంలో కలుస్తూనే ఉన్నాడు. అధికారిగారికి కళ్లు తిరిగాయి, కాలి పుండు మానడం మానేసింది.

గవరయ్యను మంచంతో సహా మోసుకొచ్చారు. అతను లోపలికి రాగానే కాగితాలు, జనం, అన్నీ కదిలాయి.

"నువ్వు లేకపోతే మా బతుకు లేదయ్యా గవరయ్యా" అన్నారు అధికారిగారు హాయిగా.

"మరైతే నన్ను కలిపేసుకోండి బాబూ."

"కలుపుకుంటే నువ్వు పీచువెలా అవుతావు? ఎందుకూ పనికిరాకుండా పోతావు."

గవరయ్యకు ఒళ్లు మండింది. కానీ ఎటు తిప్పి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు, అదే అతన్ని ఎక్కువ బాధించింది. సాయంత్రం శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, వెనక గేటు తీశారు.

ఇంటి దగ్గర భార్య ఎర్నమ్మ అన్నం పెడుతూ అడిగింది. "ఏటన్నారు?"

"ఒంటికి సానా మంచోన్నంట."

"ఎవులి ఒంటికి?"

గవరయ్య కంచం దగ్గరికి లాక్కున్నాడు. జ్వరం ఇంకా దిగలేదు. పొద్దున్నే మళ్లీ కడుపులోకి వెళ్లాలి గనక గబగబా తినేశాడు.