ఏలీము కాలనీ నీళ్ళు పాసయ్యాయి

కుళాయిలో మంచినీళ్ళు వస్తే మనిషి చెడిపోతాడు. ఈ సంగతి విజయవాడ భవానీపురం వాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. వాళ్ళు కుళాయి తిప్పుతారు, తాగుతారు, మర్చిపోతారు. తాగిన నీళ్ళనే మర్చిపోయేవాడు ఇంక దేవుణ్ణేం గుర్తుపెట్టుకుంటాడు?

ఏలీము కాలనీ వాళ్ళకి ఆ ప్రమాదం లేదు. గుక్క తాగిన ప్రతిసారీ దేవుణ్ణి తలుచుకుంటారు.

ఉయ్యూరు దాటి నాలుగు మైళ్ళు పోయి, కాలవ గట్టు దిగి, చెరుకు తోటల మధ్య ఇంకో మైలు నడిస్తే వస్తుంది ఆ కాలనీ. బైబిల్లో ఏలీము అనే చోట పన్నెండు నీటి బుగ్గలు, డెబ్బై ఈతచెట్లు ఉన్నాయని రాసి ఉంది. ఇక్కడ ఒక బోరు, మూడు తాటిచెట్లు ఉన్నాయి. పేరు పెట్టిన పాస్టరుగారు మిగతాది విశ్వాసానికి వదిలేశారు. ఎనభై గడపలకీ ఆ బోరే దిక్కు. బోరులోంచి ట్యాంకులోకి, ట్యాంకులోంచి వీధి కుళాయిల్లోకి, కుళాయిల్లోంచి కడుపుల్లోకి. మధ్యలో ఆ నీళ్ళని ఎవరూ ఆపి అడగరు.

ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయని పై ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేస్తారు. వాటి లాభాలు వాళ్ళకేం తెలుసు?

సంపూర్ణమ్మనే తీసుకోండి. వీధి కుళాయి ఆమె గుమ్మం ముందే ఉంది. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నం దాకా ఉడకదు. దాంతో పప్పు వండటమే మానేసింది. పప్పు ధర మండిపోతోందని ఊళ్ళన్నీ గగ్గోలు పెట్టిన ఏడాది ఏలీములో ఒక్కరూ నోరెత్తలేదు. అంతటి నిబ్బరం ఏ ప్రభుత్వానికైనా ముచ్చటగా ఉండదా! ఇక బట్టలంటారా, ముతక చీరైనా, పెళ్ళినాటి పట్టుచీరైనా, ఆ నీళ్ళలో నాలుగుసార్లు ఉతికితే ఒకటే రంగుకి వస్తాయి. సమానత్వం కావాలని ఊరేగింపులు తీసేవాళ్ళు ఒక్కసారి వచ్చి కాలనీ దండేలు చూసుకోవచ్చు. బస్టాపు దగ్గర సిరాజ్ టీ కొట్టు పెట్టాడు. పాలు పొయ్యడం ఆలస్యం, టీ విరిగిపోయేది. మూడు నెలలు చూసి సాల్టు సోడాకి మారాడు. ఉప్పు కొనే పని తప్పింది, వ్యాపారం నిలబడింది.

చుట్టాల సంగతి వేరే చెప్పాలా? రాత్రికి ఉంటామని వచ్చినవాళ్ళు కూడా స్నానం చెయ్యగానే సాయంత్రం బస్సు వేళ కనుక్కుంటారు.

ఇన్ని లాభాలున్నా సంపూర్ణమ్మ తన ఇంటికొచ్చిన మనిషికి మాత్రం కుళాయి నీళ్ళు ఇవ్వదు. అదొక్కటే ఆమెలో లోపం. అరవయ్యో ఏట పడ్డ మోకాళ్ళతో మైలు నడిచి, కాలవ నీళ్ళు ఒక బిందె తెస్తుంది. పాత చీరని నాలుగు మడతలు వేసి వడగడుతుంది. కాచి చల్లారుస్తుంది. చిల్లగింజని గంధంలా అరగదీసి కలిపితే మడ్డంతా అడుక్కి పోయి నీళ్ళు అద్దంలా తేరుకుంటాయి. అవి గుమ్మం పక్క కుండలో పోసి మూత పెడుతుంది. ఆ కుండ వచ్చేపోయేవాళ్ళది. ఇంట్లోవాళ్ళు ముట్టుకోరు.

దీనికో కారణం ఉంది. సంపూర్ణమ్మ నాయనమ్మ కాలంలో వాళ్ళ చేతి నీళ్ళు ఊళ్ళో ఎవరూ పుచ్చుకునేవాళ్ళు కాదు. అమ్మ కాలంలో కొందరు పుచ్చుకుని, అవతలికి వెళ్ళి పుక్కిలించి ఉమ్మేవాళ్ళు. తన కాలంలో, తన ఇంట్లో, ఎవరూ గ్లాసులో చుక్క మిగల్చకూడదు. అంతే ఆమె పంతం.

ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఇద్దరే. కొడుకు ఫిలిప్ ఇబ్రహీంపట్నంలో వెల్డింగు పనికి పోయి వారానికోసారి వస్తాడు. కోడలు దీవెనకి ఆరో నెల. మొదటి కాన్పు నిలవలేదు. ఈసారి కాళ్ళు వాచి, బీపీ ఎక్కి కూర్చుంది. ఉయ్యూరు డాక్టరమ్మ చూసి, "ఉప్పు మానెయ్యాలి, లేకపోతే తల్లికీ బిడ్డకీ కూడా ముప్పే" అంది. ఆ సాయంత్రమే సంపూర్ణమ్మ ఉప్పు డబ్బా అటక ఎక్కించేసింది. కోడలితోపాటు తనూ చప్పిడి కూరలే తింటోంది. ఉప్పు పీడ ఇంట్లోంచి పోయిందని ధైర్యంగా ఉంది.

వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళిన రోజే కాలనీలో మీటింగు జరిగింది. నీళ్ళ ఆఫీసు నుంచి ఇంజనీరు తిరుపతిరావు గారు వచ్చారు. కాలవ నీళ్ళతో నింపే పెద్ద చెరువు నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి గొట్టాలు వేస్తున్నామని, ఏలీము బోరు నీళ్ళు తాగడానికి పనికిరావని ల్యాబు చెబితే ఇక్కడికీ ఒక గొట్టం వేయించగలనని చెప్పారు. పనికిరావని సంపూర్ణమ్మ గడప తప్ప మిగతా గడపలన్నీ ఒక్క గొంతుతో చెప్పాయి. మనుషులు చెబితే చెల్లదు, సీసా చెప్పాలి అన్నారాయన. అన్నది న్యాయమే. తాగేవాడి మాట నమ్మితే ల్యాబులెందుకు?

సీసా మర్నాటికి మోటారు వేసే సొలొమోను చేతికి వచ్చింది. వాడు దాన్ని తెచ్చి సంపూర్ణమ్మ అరుగు మీద పెట్టాడు.

"పిన్నీ, ఇందులో నీళ్ళు పట్టి ఉంచు. రేపు ఏడింటి బస్సుకి విజయవాడ పంపాలి."

"మన నీళ్ళు విజయవాడకెందుకురా?"

"ఆఫీసులో చూస్తారంట."

"పెద్దవాళ్ళేనా?"

"కాకపోతే మీ వియ్యంకుడా? మూత గట్టిగా పెట్టు. కారితే నన్నంటారు."

అంతే చెప్పి, కరెంటు వచ్చిందని మోటారు దగ్గరికి పరిగెత్తాడు.

సంపూర్ణమ్మ ఆ సీసా చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నాయనమ్మ చేతి నీళ్ళు గడప దాటలేదు. ఇప్పుడు గవర్నమెంటే సీసా పంపి, మీ నీళ్ళు ఇవ్వమ్మా అని అడుగుతోంది. ఆ సీసాలో కుళాయి నీళ్ళు పడితే పై ఆఫీసర్లు ఏమనుకుంటారు? కాలనీ వాళ్ళకి మర్యాద తెలియదనుకోరూ?

మీరైతే ఏం చేసేవారు?

ఆమె సీసాని బూడిదతో మూడుసార్లు తోమింది. గుమ్మం పక్క కుండలో నీళ్ళు మళ్ళీ వడగట్టి, మళ్ళీ కాచి, ఇంకో చిల్లగింజ అరగదీసి, పైతేట మాత్రం వంచి సీసా నింపింది. బైబిల్లోనే మారా అనే చోట చేదునీళ్ళు తీపి చెయ్యడానికి మోషే ఒక చెట్టునే తెచ్చి వెయ్యాల్సి వచ్చింది. సంపూర్ణమ్మకి రెండు గింజలు సరిపోయాయి.

మూడు వారాలకి కాగితం వచ్చింది. ఏలీము కాలనీ నీరు తాగుటకు అన్ని విధముల యోగ్యము. అటు పక్క ఊరికీ, ఇటు పక్క ఊరికీ గొట్టాలు పడ్డాయి. కాలనీ ముందునుంచే తవ్వుకుంటూ పోయారు. మట్టి మాత్రం కాలనీ వైపు పోశారు.

సొలొమోను కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఆ సీసాలో ఏం పోశావు పిన్నీ?"

"మంచివే పోశానురా."

"అదే కొంప ముంచింది. ఫెయిలవ్వాల్సిన పిల్లని ఫస్టుక్లాసులో పాసు చేయించావు."

"పై ఆఫీసుకని చెప్పావు. ఫెయిలవ్వాలని చెప్పావా?"

"ఎవరైనా పరీక్షకి పంపేటప్పుడు ఫెయిలవ్వమని చెప్పి పంపుతారా? మనకే తెలియాలి."

"నీకు తెలిసినట్టే ఏడిసింది" అంది సంపూర్ణమ్మ. ఆ పూట ఆమె అన్నం తినలేదు. ఎనభై గడపల నోటి దగ్గర నీళ్ళు తన చేత్తో తనే తోసేసిందని తెలిసి ముద్ద దిగుతుందా?

కాలనీ గోల విని తిరుపతిరావు గారు వారం రోజుల్లో స్వయంగా వచ్చారు. మంచి మనిషి. ఎండనపడి స్కూటరు మీద వచ్చి సంపూర్ణమ్మ అరుగు మీదే కూర్చున్నారు. గుమ్మం పక్క కుండ నిండుగా ఉంది. సంపూర్ణమ్మ దాన్ని దాటి వీధిలోకి వెళ్ళి, జన్మలో మొదటిసారి, వచ్చిన మనిషి కోసం కుళాయి కింద గ్లాసు పట్టింది. తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన ఒక గుక్క తాగారు. ఆగారు. గ్లాసు వంక చూశారు, ఆమె వంక చూశారు. ఈ కాలనీలో గ్లాసు వెనక్కిస్తే దానికి వేరే అర్థం వస్తుందని ఆయనకి తెలుసు. కళ్ళు మూసుకుని గడగడా మొత్తం తాగేశారు.

"బాగున్నాయమ్మా" అన్నారు. ఫైలు తెరిచి, 'స్వయముగా రుచి చూడడమైనది, బాగున్నవి' అని రాశారు.

చూశారా? ఆ బోరుని నిలబెట్టేది మోటారు కాదు. మర్యాద!

దీవెన గ్లాసు తీసుకోవడానికి గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. ఆయన చూపు ఆమె పాదాల మీద పడింది.

"ఏంటమ్మా ఆ వాపు?"

"ఏడో నెలండి. బీపీ అన్నారు. ఉప్పు మానెయ్యమన్నారండి."

"మానేశావా?"

"నెలైందండి. కూరలో చిటికెడు కూడా వెయ్యట్లేదు. అయినా తగ్గట్లేదు."

"నీళ్ళు?"

"డాక్టరమ్మ బాగా తాగమందండి. రోజుకి రెండు చెంబులు కష్టం మీద తాగుతున్నాను."

తిరుపతిరావు గారు ఖాళీ గ్లాసు ఆమెకి ఇవ్వలేదు. నాలుకతో పెదవులు తడుముకున్నారు. నోట్లో రుచి ఇంకా పోలేదు.

"ఏ నీళ్ళు తాగుతున్నావమ్మా?"

"ఇవేనండి. కుండలోవి వచ్చేపోయేవాళ్ళకి."

సంపూర్ణమ్మకి అప్పుడు తెలిసింది. పదిహేనేళ్ళుగా తాగి తాగి, ఆ నీళ్ళలో ఉన్నదాన్ని ఉప్పు అనుకోవడమే మానేసింది. అటక ఎక్కించిన ఉప్పు, వీధిలో కుళాయి తిప్పి, బిందెతో మళ్ళీ ఇంట్లోకి తెచ్చి, తన చేత్తో కోడలికి పోస్తోంది.

"అయ్యగారూ, ఆ బాగున్నాయన్న ముక్క కొట్టెయ్యండి" అంది.

ఆయన కొట్టేశారు. కానీ ల్యాబు కాగితం కొట్టెయ్యడం ఆయన చేతిలో లేదు. మళ్ళీ పరీక్ష కావాలంటే, సీసాలో పోసినవి ఈ కుళాయి నీళ్ళు కావని పోసినవాళ్ళు ఒప్పుకుని రాసివ్వాలి. అప్పుడు కొత్త సీసా వస్తుంది. సీసా రావడానికీ పరీక్షకీ కలిపి రెండు నెలలు, గొట్టానికి ఇంకో నాలుగు.

"ఆరు నెలలంటే మా పిల్ల కాన్పు అయిపోతుంది కదండీ."

"అవునమ్మా" అన్నారు తిరుపతిరావు గారు, నేల చూపులు చూస్తూ.

ఇక్కడ పాఠకులు మన పద్ధతి గొప్పతనం గమనించాలి. ఆ చోట బోరు తవ్వమన్నవాళ్ళున్నారు. అందులోంచి పదిహేనేళ్ళు నీళ్ళు తోడించి, ఒక్కసారైనా రుచి చూడనివాళ్ళున్నారు. సీసా ఎవరు నింపారో అడగకుండా ముద్ర వేసినవాళ్ళున్నారు. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాల్సిన మనిషి మాత్రం ఎనభై గడపల్లో ఒక్కతే దొరికింది.

సొలొమోనుని పిలిచారు. వాడు కలం తీసి, "సదరు నీరు తాగుటకు యోగ్యము కాదని..." అని మొదలుపెట్టాడు.

"అది కాదురా" అంది సంపూర్ణమ్మ. "నేను చెబుతాను, నా మాట నా మాటలాగే రాయి. పై ఆఫీసు వాళ్ళకి మర్యాదకని కుండలో నీళ్ళు పంపాను. కడుపుతో ఉన్న కోడలికి కుళాయి నీళ్ళు పోశాను. రాశావా? ఇప్పుడు కింద నా పేరు రాయి. సంతకం నేనే పెడతాను."

"అత్తయ్యా, అలా ఎందుకు రాయించడం? నలుగురూ చదువుతారు" అంది దీవెన.

"చదవనీ."

అర్జీ విజయవాడ వెళ్ళింది. ఏదో బల్ల మీద క్షేమంగానే ఉండి ఉంటుంది. కుండ మాత్రం ఆ సాయంత్రమే గుమ్మం పక్కనించి లేచి దీవెన మంచం పక్కకి పోయింది. సంపూర్ణమ్మ ఇప్పుడు కాలవకి రెండుసార్లు వెళుతోంది.

కనుక మీరెప్పుడైనా అటు వెళితే ఆమె మీకు కుళాయి నీళ్ళే ఇస్తుంది. తాగితే తాగండి, లేకపోతే ఆమె ఎదురుగానే పారబొయ్యండి, ఏమీ అనుకోదు. బాగున్నాయని మాత్రం అనకండి.