తత్వానికి గది కావాలి

నవ్వకుండా వింటామంటే చెబుతాను. పాత సామానంతా అమ్మేశాక మా వెనకగది ఖాళీ అయింది. దానిమీద మా ఆవిడ కన్నూ నా కన్నూ ఒకేసారి పడ్డాయి.

ఆవిడ స్కూలు యూనిఫారాలు కుట్టే మిషను మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఆవిడ కారణం గట్టిది. నాకు అంతకంటే గట్టిది కావాలి. అందుకే ఆన్‌లైన్లో తత్వశాస్త్రం క్లాసులో చేరాను.

"తత్వానికి ఏకాంతం కావాలోయ్!" అన్నాను.

"ఇన్నాళ్ళూ ఏకాంతం దొరికితే నిద్రేగా పోయారు?"

అయినా లెక్కచేయకుండా వెనకగదిలో కుర్చీ వేసేశాను.

గది కోసం చేరిన మాట నిజమే గానీ, క్లాసు నన్ను పట్టేసింది. మా ప్రశ్నల సారు ఏదీ చెప్పరు, అడుగుతారంతే. మనం ఔనౌనంటూ పోతే, చివరికి మన వాదనకి ఎదురుమాట మన నోటితోనే అనిపిస్తారు. ఆ కిటుకేమిటో కనిపెట్టాలని నాకు ఒకటే దురద.

ఒకరోజు పాఠం, మనిషికి నిజంగా అవసరమైనది ఏది అని.

"జ్ఞానికి ఏదీ అవసరం లేదండీ! ఎక్కడైనా కూర్చుని ఆలోచించగలడు" అని నేను దంచేస్తున్నాను. గోడ కొలవడానికి టేపు పట్టుకుని మా ఆవిడ లోపలికొచ్చింది. మైకు ఆన్‌లోనే ఉంది.

"ఎక్కడైనానా?" అంది.

"ఎక్కడైనా!" క్లాసంతా చూస్తోందని ఠీవిగా అన్నాను.

"మెట్లమీద కూడానా?"

"మెట్లేం ఖర్మ, నడిబజార్లో కూడా!"

"మరి కుట్టుమిషను?"

"దానికి ప్లగ్గు కావాలి, వెలుతురు కావాలి, బట్ట పరుచుకోడానికి చోటు..."

అక్కడ నాలిక్కరుచుకున్నాను.

"ఆగకండమ్మా, అడగండి!" అన్నారు ప్రశ్నల సారు హుషారుగా.

"అయితే గది ఎవరికండీ?" అంది ఆవిడ, ఎక్కడలేని వినయంతో.

"మిషనుకి" అన్నాను. క్లాసంతా చప్పట్లు.

మర్నాటి క్లాసుకి నేను ఫోను పట్టుకుని మెట్లమీద ఉన్నాను. తెలుసు అనుకున్నదానికీ, నిజంగా తెలిసినదానికీ తేడా ఏమిటని సారు అడిగారు. లోపల మిషను ఆగింది.

"ఏమండీ, సారు ఏమడిగారు? చప్పుడులో వినపడలేదు."

చెప్పాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"లోపలికి రండి, స్టూలు వేస్తాను. నాకూ వినాలనుంది" అంది.

ఒక్క గెంతులో లోపలికెళ్ళి కూర్చున్నాను. "ఊరికే కూర్చోడం దేనికీ?" అంటూ బుట్టెడు చొక్కాలూ, సూదీ దారమూ నా ఒళ్ళో పెట్టింది.

క్లాసు మొత్తంలో తల ఎత్తకుండా అంత ఏకాగ్రతతో వినేది నేనొక్కణ్ణేనని సారు ఈమధ్య తెగ మెచ్చుకుంటున్నారు. గుండీలు కుడుతున్నానని ఆయనకి చెప్పలేదు.