శనివారం అత్యవసర పని

తీరిక అనేది ప్రకృతి చేసిన పొరపాటనీ, దాన్ని సరిదిద్దడానికే ఆఫీసులూ చుట్టాలూ పుట్టారనీ ఈక్వడార్ కొండల్లోని కిషువార్ పట్టణం ఎప్పుడో తేల్చేసింది. ఆ ఊరి తాగునీటి సంస్థలో మూడో కిటికీ దగ్గర కూర్చునే ఫౌస్టోకి మాత్రం ఈ విషయంలో ఇంకా కొంచెం అనుమానం ఉండేది.

అతని ఉద్యోగం చిన్నదేమీ కాదు. నీళ్లు రావడం లేదని మొదటి కిటికీలో చెప్పుకోవాలి. మొదటి కిటికీ ఎందుకు మూసి ఉందో రెండో కిటికీలో అడగాలి. ఈ రెండూ సక్రమంగా జరిగాయని ఫౌస్టో ముద్ర వేసి ఇస్తాడు. (నీళ్ల సంగతి చూసే కిటికీ వేరే ఉందంటారు. అది ఏ వైపున ఉందన్నదాని మీద సంస్థలో భిన్నాభిప్రాయాలున్నాయి.)

సాయంత్రాలు సొయిలా పెద్దమ్మవి. ఫౌస్టో తల్లికి అక్క అయిన ఈవిడ, ఎవరూ నియమించకుండానే కుటుంబ హాజరు శాఖను నడుపుతోంది. ఆ వారం సోమవారం నాడు చిన్నాన్న పేరుగల పునీతుడి పండగ. బుధవారం మేనకోడలికి పాలపన్ను ఊడిన సందర్భంగా కేకు. గురువారం, పనిమీద రాజధాని కీటో వెళ్లిన బావ మర్నాడే క్షేమంగా తిరిగొచ్చినందుకు విందు. శనివారం మధ్యాహ్నం అసలు భోజనం. ఆదివారం, ఆ భోజనంలో ఎవరేమన్నారో చర్చించుకోవడానికి మరో భోజనం. రాకపోవడానికి చెల్లే కారణం అంత్యక్రియలు ఒక్కటే. అవి సొంతవైతే మాటపట్టింపు ఉండదు.

మిగిలిన కాస్త వేళలో ఫౌస్టో కంప్యూటర్లో ఆట ఆడుకునేవాడు. నానా దేశాలవాళ్లు కలిసి ఎడారిలో ఊళ్లు కట్టే ఆట అది. ఉద్యోగంలో ఒక్క వీధికీ నీళ్లివ్వలేని ఫౌస్టో, అక్కడ ఊళ్లకు ఊళ్లకే కాలువలు తవ్వాడు. ఇప్పుడు పెద్ద ఆనకట్ట పూర్తయింది. శనివారం మధ్యాహ్నం తూము ఎత్తే గౌరవం అతనికే దక్కింది. అక్కడి ముఖ్య జలాధికారి ఎర్సీలియా. పరాగ్వేలో పళ్ల డాక్టరు, క్రమశిక్షణ గల మనిషి.

"వేళకి లేకపోతే మిమ్మల్ని జాలరుల విభాగానికి వేయాల్సి వస్తుందండీ," అని ముందే చెప్పింది. (ఎడారిలో ఆ విభాగానికి పని ఒత్తిడి తక్కువ.)

శుక్రవారం ఫౌస్టో ధైర్యం చేసి పెద్దమ్మకి ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, రేపు రాలేను. ఆఫీసులో పనుంది."

"శనివారమా? మీ ఆఫీసు సోమవారమే పనిచెయ్యదు కదరా."

"అత్యవసరం. పైపులు."

"ఏం పైపులు?"

"పెద్దవి."

"పాపం, నా బంగారం," అని పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. అంత తేలిగ్గా పనైపోవడం చూసి ఫౌస్టో భయపడి ఉండాల్సింది. సంతోషపడ్డాడు.

శనివారం కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తూము దగ్గర నిలబడ్డాడు. గట్టు మీద జనం చేరారు. అతని అరచేతులు చెమర్చాయి. మూడో కిటికీ దగ్గర అవెప్పుడూ చెమర్చలేదు.

అంతలో ఫోన్ మోగింది. పై అధికారి, ఇంజనీరు విటెరి. (ఆయన ఏదైనా కట్టినట్టు ఆధారాలు లేవు.)

"ఫౌస్టో, మీ పెద్దమ్మగారు ఆఫీసుకొచ్చారు. చుట్టాలతో. కాల్చిన పందితో."

"సర్... శనివారం మీరు ఆఫీసులో ఏం చేస్తున్నారు?"

ఇంజనీరుగారు గొంతు తగ్గించారు. "మా ఇంట్లో కూడా భోజనాలేనయ్యా. అత్యవసర పనని చెప్పి వచ్చి పడుకున్నాను. నువ్వేమైపోయావని ఈవిడ అడుగుతున్నారు. మా అత్తగారూ ఈవిడా ఒకే చర్చి. తొందరగా రా."

ఫౌస్టో మైకు దగ్గరికి వంగాడు. "డాక్టరుగారూ, నేను వెళ్లాలి. నీళ్ల సంస్థ నుంచి ఫోను."

"నీళ్ల సంస్థ మనమే కదండీ," అంది ఎర్సీలియా.

ఫౌస్టో తూము మీంచి చెయ్యి తీసి, కంప్యూటర్ని అలాగే వదిలేసి బయల్దేరాడు. దారంతా, ఇంకెవరో తూము ఎత్తితే ఆ నీళ్లు ఏ రంగులో వచ్చుంటాయో అనుకుంటూనే ఉన్నాడు.

ఆఫీసులో మొదటి కిటికీ, అతని ఎరుకలో, మొదటిసారి తెరిచి ఉంది. దాని అరుగు మీద పంది ఉంది. రెండో దాంట్లో బంగాళాదుంప అట్లు, మొక్కజొన్న గుగ్గిళ్లు.

"పైపులు చూడ్డానికి వెళ్లొచ్చావా నాన్నా?" అంది పెద్దమ్మ, పళ్లెం అందిస్తూ. "నువ్వు రాలేనన్నావని మేమే వచ్చాం. ఇంకనుంచి ప్రతి శనివారం ఇక్కడే."

"సంస్థకి అభ్యంతరం లేదు," అన్నారు ఇంజనీరుగారు, పంది చర్మం కరకరలాడిస్తూ.

ఫౌస్టో పళ్లెం పట్టుకుని మూడో కిటికీలో కూర్చున్నాడు. జేబులో ఫోను ఒకసారి మోగింది. జాలరుల విభాగం అతనికి స్వాగతం చెబుతోంది.

అప్పుడే ఒకావిడ ఖాళీ ప్లాస్టిక్ క్యానుతో లోపలికి తొంగిచూసింది. తలుపు తెరిచి ఉండటం, లోపల సిబ్బంది ఉండటం ఆవిడ నమ్మలేకపోతోంది.

"తెరిచే ఉందా బాబూ? మా వీధికి నీళ్లు రావట్లేదు."

ఫౌస్టో లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. ఈవిడ వీధికి వెళ్లి, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి తిప్పాలనిపించింది. వెనక్కి తిరిగి ఇంజనీరుగారిని చూశాడు. ఇంజనీరుగారు పందిని చూశారు.

"ఇవాళ అత్యవసర పనిలో ఉన్నామండీ," అన్నాడు ఫౌస్టో మెల్లగా, కూర్చుంటూ. "ఏ పనీ లేని రోజు రండి. సోమవారం."

"అంత దూరం నడిచొచ్చిన మనిషిని అలా పంపేస్తావుట్రా," అని పెద్దమ్మ ఆవిడని కూర్చోబెట్టి, పళ్లెం నిండా పెట్టి, మిరప పచ్చడి వేసింది. పచ్చడి ఘాటుకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్లడిగింది. ఆఫీసు కుళాయి తిప్పితే కాసేపు దగ్గి ఊరుకుంది. పెద్దమ్మ పెద్ద గ్లాసుతో ఆరెంజ్ సోడా ఇచ్చింది. ఆవిడ గుక్క తిప్పుకోకుండా తాగేసి, చల్లగా ఉండమని అందరినీ దీవించి, ఖాళీ క్యాను పట్టుకుని వెళ్లిపోయింది.

సోమవారం ఇంజనీరుగారు ఆ ఫిర్యాదు పరిష్కారమైనట్టు రాయించారు. ఫౌస్టో ముద్ర వేశాడు.