అర అంగుళం తేడా రాని విల్లు

విలువిద్య క్లబ్బులో కొత్తవాళ్ల జట్టుకు ఒక్క ఖాళీ ఉంది. ఆదివారం పోటీలో అది తనదేనని రోడ్ల ఇంజనీరు తన బావమరిది దగ్గర కోతలు కోసేశారు. బుధవారం ఉదయం కాఫీ కప్పు దించగానే, విల్లులు చేసే కొట్టుకు కొలతలు పంపాలని టేపు తీశారు.

బారను బట్టి విల్లు సైజు. చేతులు చాచినవాడు టేపు పట్టుకోలేడు, అదీ చిక్కు.

“ఇలా ఇవ్వండి, నేను కొలుస్తా,” అంది భార్య.

“నీ చేతికిస్తే అర అంగుళం తేడా వస్తుంది. నువ్వే గోడకి ఆనుకుని చేతులు చాపు. ఇద్దరిదీ ఒకే ఎత్తేగా.”

ఆమె పొయ్యి తగ్గించి వచ్చి నిలబడింది. బార అరవై అయిదు అంగుళాలు. తర్వాత అరచేతుల సందులోంచి గడియారాన్ని చూడమని ఆమెకు చెప్పి, ఏ కన్ను గురికి వస్తోందో ఎదురుగా నిలబడి కనిపెట్టి, ‘ఎడమ’ అని రాసుకున్నారు. తాడు లాగే బలం ఎంతో తేల్చడానికి సామాన్లు తూచే స్ప్రింగు త్రాసును ఆమె లాగింది, అంకె ఆయన చదివారు.

“కన్నైనా మీది చూసుకోరా?”

“ఇరవై ఏళ్లుగా ఒకే టీవీ చూస్తున్నాం. తేడా ఏముంటుంది?”

శనివారం విల్లు వచ్చింది. ఆయన విల్లు రెక్కలు బిగించి తాడు కడితే వంపు అటుది ఇటు తిరిగింది. ఆమె దాంతో వచ్చిన కాగితం చదివి, విప్పి, మళ్లీ కట్టింది.

ఆదివారం పోటీలో, కుడిచేతి వాటం ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో తాడు లాగారు. బాణం నిలిచే చోటు అవతలి వైపు ఉంది. మూడు బాణాలూ వరసగా ఆయన బూటు మీదే పడ్డాయి.

“బావగారూ, లక్ష్యం అటుంది,” అన్నాడు బావమరిది.

ఇంజనీరు మండిపడి, అందరూ వినేలా స్పీకరు పెట్టి కొట్టుకు ఫోన్ చేశారు. “లోపం మాది కాదు సార్,” అంది అవతలి గొంతు. “ మీరు పంపిన కొలతలకే చేశాం. ఎడమ కన్ను అని రాశారు, అందుకే ఎడమచేతి వాటం విల్లు చేశాం. ఇంతకీ ఎవర్ని కొలిచారు?”

ఆయన గబుక్కున స్పీకరు ఆపేశారు. బావమరిది గొడుగు పట్టుకుని నిలబడ్డ అక్క వైపు చూశాడు.

“మీరొకసారి పట్టుకోండమ్మా,” అన్నాడు క్లబ్బు శిక్షకుడు ఆమెతో.

ఆ విల్లుకు గురి చూసే పరికరమేదీ లేదు. కన్నూ, బాణం మొనా, అంతే. గొడుగు తమ్ముడికిచ్చి, విల్లు కుడిచేత్తో పట్టుకుని ఆమె ఎడమచేత్తో తాడు లాగింది. విల్లు కుట్టించుకున్న జాకెట్టులా ఒదిగింది. మొదటి బాణం లక్ష్యం అంచున దిగింది, మిగతా రెండూ నడిమధ్య పసుపు వలయం పక్కన. శిక్షకుడు ఖాళీలో ఆమె పేరు రాసుకున్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం క్లబ్బులో ఆమె బాణాలు ఎక్కడ దిగాయో ఇంజనీరే కొలిచి చెబుతారు. టేపు మాత్రం ఇంకొకరి చేతికివ్వరు.