వంతెన మీద క్షమాపణ

ఆ ఉదయం మాటల మేస్త్రి పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మధ్యాహ్నం కొత్త వంతెన ప్రారంభంలో మేయరు చదవాల్సిన ఉపన్యాసం సిద్ధం చేయడం. రెండు, భార్యకు క్షమాపణ చెప్పుకోవడం. మొదటిది జీతం తెచ్చే పని, రెండోది ఇంట్లో నిలబెట్టే పని అని పళ్లు తోముకుంటూ అనుకున్నాడు. కాఫీ తాగేలోపు రెండూ అయిపోతాయన్న ధీమాతో పొయ్యి మీద పాలు పెట్టాడు.

అతని అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు. నగరపాలక కార్యాలయంలో అందరికీ అతను మాటల మేస్త్రే. మేయర్లు మారారు, పార్టీలు మారాయి, మాటలు మాత్రం అతనివే. పార్కు గేటు తెరిచినా, చెత్త లారీకి పూలదండ వేసినా, మేయరు నోట్లోంచి వచ్చే ప్రతి ముక్కా అతని బల్ల మీద పుట్టిందే. ఈమధ్య ఆ బల్ల మీదికి ఏఐ వచ్చింది. నాలుగు ముక్కలు చెబితే నాలుగు పేజీలు రాసిస్తుంది. మొదట్లో మేస్త్రి దాన్ని సవతిని చూసినట్టు చూశాడు. అలవాటయ్యాక, అది తనకంటే చకచకా, తనకంటే తియ్యగా రాయడం చూసి నోరు తెరిచాడు. ఆ తర్వాత రాయడం మానేసి, దానికి పని చెప్పడం నేర్చుకున్నాడు.

ఇంట్లో నిప్పు రాజుకున్నదీ దానితోనే. అతని భార్య పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. గత నెలలో నగరానికి మంచి సేవ చేసినవాళ్లని పిలిచి సన్మానం చేశారు. మేయరు ఒక్కొక్కరి పేరూ చదివి, ఒక్కొక్కరి గురించి రెండేసి మంచి మాటలు చెప్పాడు. ఒక్క పేరు మాత్రం చదవలేదు. పేర్లన్నీ ఏఐకి అందించింది మేస్త్రి. అందించడం మరిచిపోయింది సొంత భార్య పేరు. ఆమె ముందు వరసలో కూర్చుని, అందరికీ చప్పట్లు కొట్టి, కార్యక్రమం చివర విడిగా ఎవరో చేతిలో పెట్టిన జ్ఞాపికను సంచిలో వేసుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు అవసరానికి మించి పుట్టలేదు. "తాళం వేసి వెళ్లండి." "పాలు పొంగుతున్నాయి." అంతే.

క్షమాపణ చెబుదామని మేస్త్రి చాలాసార్లు నోరు తెరిచాడు. తెరిచినప్పుడల్లా "ఈ శుభ సందర్భంలో" అనే ముక్కే ముందు తోసుకొచ్చేది. దాంతో మూసేసేవాడు. చివరికి ఈ ఉదయం ఏఐనే శరణు వేడాడు. కాపురం పెట్టి చాలా ఏళ్లయిందనీ, తాను ఆమె మాట ఎప్పుడూ పూర్తిగా వినలేదనీ, సన్మానంలో పేరు మరిచిపోయాననీ, వంటగదిలో కుళాయి కారుతోందని ఆమె ఎన్నాళ్లుగానో చెబుతోందనీ టకటకా కొట్టాడు.

వచ్చింది చదివేసరికి కాఫీ చల్లారిపోయింది. మేస్త్రి కుర్చీలోంచి కదలలేకపోయాడు. తన ఇంట్లో ఒక్క రోజు కూడా ఉండనిది, ఆ ఇంట్లో తనకు కనిపించనిదంతా ఎలా చూసిందో అతనికి అంతుబట్టలేదు. గుడిసెలో ఉన్నవాడు హఠాత్తుగా సముద్రం ముందు నిలబడ్డట్టు అయింది. 'ఇందులో నా మాట ఒక్కటీ లేదే' అని ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. 'ఉంగరం కంసాలి చేస్తాడు, ఇచ్చేది మొగుడేగా' అని దాన్ని తీసి పారేశాడు.

బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో రెండు ఫైళ్లూ పంపించాడు. ఉపన్యాసం మేయరు పి.ఎ.కి, క్షమాపణ భార్యకి. కనీసం అలా పంపాననే అనుకున్నాడు.

వంతెన దగ్గర బస్సు దిగగానే మేస్త్రికి ఊపిరి ఒక్క క్షణం ఆగింది. పటాల మీద చాలాసార్లు చూశాడు గానీ, ఎదురుగా ఇంత ఎత్తున, ఇంత సన్నగా, నది మీద గీసిన గీతలా ఉంటుందనుకోలేదు. అవతలి గట్టు నగరంలో కలిసి ఒక తరం గడిచింది. అప్పటి నుంచీ అక్కడివాళ్లు పురిటికైనా, పరీక్షకైనా పడవ మీదే వచ్చారు. వచ్చిన ప్రతి మేయరూ వంతెన ఇదిగో అదిగో అన్నాడు. ఆ 'ఇదిగో'లు చాలావరకు మేస్త్రి రాసినవే. ఇవాళ అవతలి గట్టు మొత్తం కాలినడకన వంతెన దాటి వచ్చి వేదిక ముందు కూర్చుంది. పక్కనే ప్రథమ చికిత్స గుడారం, అందులో తెల్ల దుస్తుల్లో అతని భార్య. ఆమె ఆవేళ డ్యూటీలో ఉంటుందని మేస్త్రికి తెలియదు. చెప్పే ఉంటుంది, వినలేదేమో.

మేయరు మైకు ముందుకొచ్చాడు. ఎదురుగా అద్దంలాంటి తెర మీద అక్షరాలు కదులుతుంటే, వాటిని ఉన్నవి ఉన్నట్టు గంభీరంగా చదవడం ఆయన ప్రత్యేకత. ఒకసారి అలాగే "ఇక్కడ చిరునవ్వు" అన్నది కూడా చదివేసి, ఆ తర్వాత నవ్వాడు.

"నేను నిన్ను బాధపెట్టాను," అన్నాడు మేయరు.

మేస్త్రి పొద్దున కాఫీ చల్లారబెట్టుకుని చదివిన క్షమాపణ అది.

"మనం ఒక్కటైన నాటి నుంచి నువ్వు ఎదురుచూస్తూనే ఉన్నావు. నేను పనుందని చెబుతూనే ఉన్నాను. పని లేని రోజుల్లో కూడా." మేయరు ఒక్క క్షణం ఆగాడు. తెర ఆగలేదు. "అందరి పేర్లూ పలికాను. నీ పేరు మరిచిపోయాను. నువ్వు ఎప్పుడూ ఉంటావు కాబట్టి, ఉన్నావని గుర్తుపెట్టుకోనక్కర్లేదనుకున్నాను."

అవతలి గట్టువాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనం ఒక్కటైన నాటి నుంచి అంటే, తమ గట్టు నగరంలో కలిసిన నాటి నుంచే కదా. నల్ల జెండాలతో వచ్చిన ప్రతిపక్ష నాయకుడు నినాదం కోసం గొంతు సవరించుకుని, దేన్ని ఖండించాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

మేస్త్రి జనాన్ని తోసుకుంటూ వేదిక వెనక్కి పరిగెత్తాడు. పి.ఎ. తెర నడిపే పెట్టె పక్కన నోరు వెళ్లబెట్టి నిలబడి ఉన్నాడు.

"ఆపండి సార్, అది కాదు," అన్నాడు మేస్త్రి రొప్పుతూ.

"ఎలా ఆపనయ్యా? అటు చూడు."

మేస్త్రి వేదిక పరదా సందులోంచి చూశాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో సభ అంటే అతనికి తెలిసింది దగ్గులు, కబుర్లు, విసనకర్రలు, మధ్యమధ్య ఎవరో మొదలుపెడితే సాగే చప్పట్లు. ఇప్పుడు ఆ వేలమందిలో ఎవరూ కదలడం లేదు. కింద నది పారుతున్న చప్పుడు మైకులోంచి వినిపిస్తోంది. అతని చెయ్యి దానంతటదే పి.ఎ. భుజం మీద ఆగిపోయింది.

"వంటగదిలో కుళాయి కారుతోందని నువ్వు చెప్పి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు," మేయరు గొంతు ఎందుకో తగ్గింది. "దాన్ని నేనే నా చేతులతో బాగుచేస్తాను. ఇకనుంచి రోజూ సాయంత్రం నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు మాట్లాడు. నేను వింటాను. మధ్యలో లేవను. వీలైతే క్షమించు. వీలు కాకపోతే, ఎందుకు కాదో చెప్పు. అదీ వింటాను."

చప్పట్లు లేవు. ముందు వరసలో ఒక ముసలావిడ పక్కావిడని గోకి, "నాతోనేనా అంటున్నాడు?" అని అడిగింది.

"నాతో అనుకున్నానే," అంది పక్కావిడ కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్లేసరికి భార్య ఫోను చేతిలో పెట్టుకుని వంటగదిలో నిలబడి ఉంది.

"మీరు నాకు పంపింది చదివాను," అంది. "నేను పటిష్ఠమైన ఉక్కుతో, నాణ్యమైన కాంక్రీటుతో తయారయ్యానట. ఎంత బరువైనా మోస్తానని నిపుణులు పరీక్షించి చెప్పారట. ఆలస్యానికి కారణం నిధుల కొరతట."

"అది కాదే..."

"చివర్న, భారీ వాహనాలను రాత్రిపూట మాత్రమే అనుమతిస్తారట."

ఆమె నవ్వుతుందో, ఏడుస్తుందో మేస్త్రికి అర్థం కాలేదు. ఆమెకీ అర్థమైనట్టు లేదు.

"అసలుది మైకులో విన్నాను," అంది. "కుళాయి దగ్గర తెలిసిపోయింది అది నాదేనని. బాగుంది. చాలా బాగుంది. గుడారంలో కట్టు కట్టించుకుంటున్నవాడు కూడా కట్టు సంగతి మరిచిపోయాడు. ఎవరు రాశారు?"

మేస్త్రి నోట్లో నాలుగైదు అబద్ధాలు వరసగా నిలబడ్డాయి. "ఏఐ," అన్నాడు.

"మరి మీదేది?"

అతను కుళాయి వైపు తిరిగాడు. "సన్మానం రోజు మేయరు చదువుతుంటే నేను వెనకాల నిలబడ్డాను," అన్నాడు. "వాక్యాలు బాగా పడుతున్నాయా లేదా అని చూస్తున్నాను. నువ్వు ముందు వరసలో ఉన్నావని కూడా చూళ్లేదు. నువ్వు చప్పట్లు కొట్టావని తర్వాత ఎవరో చెప్పారు. అది విన్నాక... అది విన్నాక నాకు అన్నం సయించలేదు. తిన్నాననుకో. కానీ సయించలేదు."

"ఇదెవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు."

"తెలుస్తోంది, అతుకులు అతుకులుగా ఉంది," అని ఆమె ఇంకో కప్పు తీసి బల్ల మీద పెట్టింది.

ఇంట్లో సద్దుమణిగింది గానీ ఊళ్లో అప్పుడే మొదలైంది. మర్నాడు సాయంత్రానికి మేయరు బంగళా ముందు జనం కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. "వింటానన్నారుగా, చెప్పుకుందామని వచ్చాం," అన్నారు మర్యాదగా. మేయరు ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో లేవనని వేలమంది ముందు అన్నాడు కాబట్టి లేవడానికి లేదు. కుళాయిలు కారే ఇళ్లవాళ్లు వేరే వరస కట్టారు. పి.ఎ. మేస్త్రికి ఫోను చేసి, "అది ఎవరి కుళాయయ్యా? ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ మాదే అంటున్నారు," అని వాపోయాడు. నా చేతులతో అన్నాడు గనక, మేయరు పానా పట్టుకుని ఇంటింటికీ బయల్దేరక తప్పలేదు. మొదటి ఇంట్లో కుళాయి ఊడి చేతికొచ్చి, వంటిల్లంతా చెరువైంది. నీళ్ల శాఖ ఇంజనీర్లు తువ్వాళ్లు పట్టుకుని వెంట నడిచారు. తమ పొట్ట కొడుతున్నాడని ప్లంబర్ల సంఘం ధర్నాకు కూర్చుంది. మేయరు సాయంత్రం వాళ్ల గోడు కూడా విన్నాడు. విన్నాక సగం పని వాళ్లకే అప్పగించాడు. మిగతా శాఖల అధికారులు, తమ వంతు ఎప్పుడొస్తుందోనని భయపడి, ఏళ్లుగా పడి ఉన్న పనులు గుట్టుగా పూర్తిచేయడం మొదలుపెట్టారు. వీధి దీపాలు వెలిగాయి. అవతలి గట్టుకి డాక్టరు వెళ్లాడు. ప్రతిపక్షం, ఇదంతా తాము అడిగిందేనని చెప్పుకోవడం తప్ప మరో దారి లేక, నల్ల జెండాలు మడత పెట్టుకుంది.

మేస్త్రి మాత్రం ఇదంతా తన తప్పేనని ఒప్పేసుకోవాలనుకున్నాడు. ఒకనాటి సాయంత్రం బంగళా ముందు జనం తగ్గాక మేయరు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన చేతి వేళ్లకి రెండు చోట్ల పట్టీలున్నాయి.

"సార్, మీరు చదివింది వంతెనకి రాసింది కాదు. మా ఆవిడకి. అది కూడా నేను రాయలేదు, ఏఐ రాసింది. నన్ను పనిలోంచి తీసెయ్యండి."

మేయరు అతని వంక తిరిగి కూడా చూడలేదు. "రెండో వాక్యం దగ్గరే తెలిసిందయ్యా నాకు."

ఎదురుగా ఏది పెడితే అది చదువుతాడని ఊరంతా నవ్వుకునే మనిషి ఈయన.

"మరి ఎందుకు ఆపలేదు సార్?"

"వాళ్లు వింటున్నారు," అన్నాడు మేయరు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు. "ఇన్నేళ్లు మైకు ముందు నిలబడ్డాను. నేను మాట్లాడుతుంటే జనం వినడం నేనెప్పుడూ చూళ్లేదు. ఆపేస్తే మళ్లీ వింటారో లేదోనని భయమేసింది."

"కానీ అది మీ మాట కాదు కదా."

"కాదు. నీదీ కాదు. ఆ యంత్రానికి పెళ్లాం లేదు, ఊరూ లేదు. కానీ విన్నవాళ్లు ఉన్నారుగా. వాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోయారు." పట్టీలు కట్టిన వేళ్లని ముడుచుకుని చూసుకున్నాడు. "నేనిప్పుడు అది అబద్ధం కాకుండా చూసే పనిలో ఉన్నాను. చాలా కష్టంగా ఉందయ్యా. నువ్వు రాసినవి నయం, ఒక్కటీ చేయాల్సొచ్చేది కాదు."

మేస్త్రి ఉద్యోగం పోలేదు, పని మాత్రం పోయింది. మేయరు ఉపన్యాసాలు చదవడం మానేశాడు. మేస్త్రి సాయంత్రాలు బంగళా ముందు ఒక మూల కూర్చుని, మనుషులు తమ కష్టాలు అతుకులు అతుకులుగా చెప్పుకోవడం వింటూ ఉండేవాడు. వాటిలో ఏ ఒక్కటీ తాను గానీ, ఏఐ గానీ రాయగలిగేది కాదని అతనికి అనిపించేది. అలా అనిపించినప్పుడల్లా, వంతెన దగ్గర ఆగినట్టే, ఊపిరి ఒక్క క్షణం ఆగేది.

ఎన్నికలు దగ్గర పడుతుండగా ఒక ఆదివారం ఉదయం మేస్త్రి ఇంటి తలుపు ఎవరో మెల్లిగా తట్టారు. తీస్తే ప్రతిపక్ష నాయకుడు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, తలుపు తనే వేసి, కూర్చోకుండానే గొంతు తగ్గించాడు.

"మేస్త్రిగారూ, మాకు కూడా ఒక క్షమాపణ కావాలండి. మేయరుగారి దానికంటే కాస్త పెద్దది."

"దేనికండీ?" అని అడిగాడు మేస్త్రి.

అది పార్టీ ఇంకా నిర్ణయించలేదని ఆయన చెప్పాడు.